గ్లాసు మీద రెండు దెబ్బలు

1976 మార్చి 3, బుధవారం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. నోటుబుక్కు ముందు పెట్టుకుని పొద్దుట్నించి మూడుసార్లు మూసేశాను. ఎవరు చదవాలని? సంపూర్ణమ్మకి అచ్చక్షరాలే వస్తాయి. జపాల పుస్తకం గడగడా చదువుతుంది గానీ చేతిరాత కనపడితే కోడి గీరినట్టుందని పక్కన పెట్టేస్తుంది. కాబట్టి దీన్ని చదివేవాడంటూ ఉంటే నేనొక్కణ్ణే. నాకు తెలిసిన సంగతి నాకే చెప్పుకోవడం ఏం తెలివి? అయినా సాయంత్రానికి కడుపుబ్బరం మొదలైంది. తిండి వల్ల కాదు, లోపలే ఉండిపోయిన మాటల వల్ల. రెండు రోజులు మాట్లాడకుండా గడపడం నా అరవయ్యారేళ్ళలో ఇదే మొదలు.

జరిగింది రాస్తాను. మూడు నెలలుగా గొంతు బొంగురు. మొన్న సోమవారం గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళాం. చీటీ రాసే గుమాస్తా పేరు, ఊరు, వయసు అడిగి, పిల్లలెంతమంది అన్నాడు. ఈ ఎమర్జెన్సీ వచ్చాక ఏ కాయితం మీదైనా ఈ ప్రశ్న ఉంటోంది, అరవయ్యారేళ్ళవాడికి కూడా. లేరన్నాను.

డాక్టరు నోట్లో అద్దం పెట్టి చూసి, ఏం పని చేసేవారన్నాడు. నాటకాల్లో ప్రాంప్టరుని. అంటే తెర పక్కన నక్కి కూచుని, వేషగాడు మాట మరిచిపోతే గుసగుసగా అందించేవాణ్ణి. ఉరుములూ వానా గుర్రపు డెక్కలూ కూడా నావే. గుసగుస గొంతుకి అరుపు కన్నా చేటు అన్నాడాయన. నలభై ఏళ్ళు నేను చేసింది అదే మరి. లోపలేదో పెరిగిందట, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. ఏప్రిల్ పంతొమ్మిదిన రమ్మన్నాడు. అందాకా నోరు మెదపకూడదు. ఆ వేళకి తగ్గిందా సరే. తగ్గక, పరీక్షలో కూడా అదే అని తేలితే, మాట పుట్టే చోటు కోసి తీసేయాలి. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు.

ఇది చెప్పినప్పుడు సంపూర్ణమ్మ బయట బల్ల మీద ఉంది. గొంతుకి విశ్రాంతి కావాలన్నాడని మాత్రం ఆవిడతో చెప్పాను. ఆయన పెద్ద డాక్టరుకి ఇంగ్లీషులో రాసిచ్చిన కాయితాన్ని నా పాత నాటకాల కట్టలో దాచాను. అంతా చేతిరాత, ఆవిడ ముట్టదు.

నాకు భయమేం లేదు. తారీకు గుర్తుండాలని రాసుకున్నాను, అంతే.

ఇవాళ విభూది బుధవారం. తపస్సు కాలంలో ఒకరు మాంసం మానేస్తారు, ఒకరు చుట్ట మానేస్తారు. మా ఆయన మాట మానేశాడని సంపూర్ణమ్మ ఫాదరుగారికి చెప్పిందట. ఆయన చాలాసేపు నవ్వాడట.

మార్చి 5, శుక్రవారం

పలక కొన్నాను. కాఫీలో పంచదార లేదని రాసి చూపించాను. సంపూర్ణమ్మ దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, అచ్చులో రాయమంది. గుండ్రంగా, విడివిడిగా చెక్కేసరికి కాఫీ చల్లారిపోయింది.

పలక అటకెక్కింది. దాని బదులు నా ఇత్తడి గ్లాసూ చెంచా. ఒకటి కొడితే ఊ. రెండు కొడితే రా. మూడు కొడితే వద్దు. ముప్ఫై ఎనిమిదేళ్ళ సంసారం ఈ మూడింటిలో ఇమిడిపోయింది. ఇన్నాళ్ళూ అన్ని మాటలు ఎందుకు వాడానా అనిపించింది.

మార్చి 6, శనివారం

వన్ టౌన్‌లో నోరు మూసుకుని వీధిలో నడవడం ఎవరివల్లా కాదు. వక్కపొడి కోసం దిగాను. పదకొండు మంది పలకరించారు. పదిమందికి గొంతు చూపించి చెయ్యి ఊపాను. పదకొండోవాడు, పలకవేం జక్కయ్యా, పెద్దోడివైపోయావా అని అలిగి వెళ్ళిపోయాడు. ఇంకో నిమిషముంటే జవాబు చెప్పేసేవాణ్ణి.

అందుకని ఒక ఉపాయం చేశాం. చేశాం ఏమిటి, నేనే సైగ చేశాను. సంపూర్ణమ్మ బజారుకో గుడికో వెళ్ళేటప్పుడు బయట తాళం వేసి పోవాలి. తాళం చూసి ఎవరూ పిలవరు. మా గది మిరపకాయల గోడౌను మీద. ఒక తలుపు, ఊచల కిటికీ ఒకటి, మెట్ల మీద చిన్న పంచ. ఇప్పుడు కాయ దిగే కాలం, మైలవరం వైపు నుంచి లారీల మీద లారీలు. కింద బస్తా పడేస్తే పైన నేను తుమ్ముతాను.

తాళం పడ్డ చప్పుడు విన్నాక, నా చేత్తో నేనే వేయించుకున్నానని రెండుసార్లు గుర్తు చేసుకున్నాను.

మార్చి 9

మాట్లాడలేదు. దగ్గాను. దగ్గు మాట కిందికి రాదు.

మార్చి 11, గురువారం

ఇవాళ నాకో నాటకం దొరికింది, లేదా నేను దానికి దొరికాను.

పదిగంటలప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు. సంపూర్ణమ్మ లేదు, తాళం ఉంది. ఎవరో జక్కయ్యగారూ అని పిలిచి, తాళం చూసి కాబోలు, వెనక్కి తిరిగారు. నాకు పోనివ్వ బుద్ధి కాలేదు. గ్లాసు మీద రెండు కొట్టాను. చెప్పులు ఆగాయి. మళ్ళీ రెండు కొట్టాను. చెప్పులు పైకొచ్చాయి.

"లోపల ఉన్నది జక్కయ్యగారేనాండీ?"

ఒకటి కొట్టాను.

"మిమ్మల్నెవరన్నా పెట్టి తాళం వేశారాండీ?"

మూడు కొట్టాను.

"మరి మీరే వేయించుకున్నారా?"

ఒకటి. పిచ్చివాడి దగ్గరికొచ్చానా అని ఆలోచించుకుని ఉంటాడు. తరవాత తలుపుకి వీపు ఆనించి కూచున్న చప్పుడైంది.

పేరు వెంకటకృష్ణారావట, కాలేజీలో లెక్చరరు. నాటకాలంటే పద్యాలూ కేకలూ అయిపోయాయి, నేను మాటల్లేని నాటకం వేస్తానండీ అన్నాడు. పాత్రలుండవు, వేషాలుండవు. ఒక ఇల్లు పొద్దున లేచిన దగ్గర్నించి పడుకునేదాకా చేసే చప్పుళ్ళు, అంతే. జనం రోజూ వింటూ వినడం మానేసినవి వాళ్ళకి మళ్ళీ వినిపించాలట. అందుకు చప్పుడు తెలిసిన మనిషి కావాలి. వాన చేస్తారటగా, ఇప్పుడు చేయగలరా అని తలుపవతల నుంచి అడిగాడు.

చేటలో పెసలు పోసుకుని, తలుపు దగ్గరకొచ్చి, ముందు నాలుగు గింజలు జారనిచ్చాను. అవి చినుకులు. తరవాత చేటని అటూ ఇటూ వాల్చాను. వాన మెల్లగా పెంచి, గాలి తిప్పి, తగ్గించి, చూరు నుంచి కారే నాలుగు బొట్లతో ఆపాను.

అవతల నుంచి, "చెయ్యి చాపి చూశానండీ, బయట పడుతోందేమోనని" అన్నాడు.

తరవాత అతనన్నది నాకు నచ్చిందో లేదో ఇంకా తేల్చుకోలేదు. ఈ తలుపు తీయొద్దు, నాటకం ఇలాగే చేద్దామన్నాడు. మైకు గదిలో పెడతాడట, లౌడ్‌స్పీకరు కింద గోడౌను ముందర ఆవరణలో. జనం అక్కడ గోనెల మీద కూచుని, మూసి ఉన్న ఒక ఇంటిని వింటారు. కొత్త నాటకమంటే వేషగాడికి తాళమన్నమాట.

మార్చి 14, ఆదివారం

కుడిచెయ్యి దురద తీరాలంటే ఒక కథ రాయాలి. నోటితో చెప్పినంత కమ్మగా ఉండదు, అయినా సరే.

నాకు బడి చదువు లేదు. సబ్బుల బోర్డుల మీదా, రైలు డబ్బాల మీదా అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. నలభై ఒకటిలో మా నాటకాల జట్టుతో ఏలూరు క్యాంపు. బసవపున్నయ్య అని, రాజు వేషానికి పెట్టింది పేరు. గొంతు పెద్దది, జ్ఞాపకం చిన్నది. ప్రతి రెండు మాటలకీ నేనందివ్వాలి. ఆ రోజు అతనికి పడిశం. నిండు సభ. 'ఓయీ సేనానీ, కోటగుమ్మములు మూయింపుము' అని అందించాను, అన్నాడు. ముక్కు కారుతోంది పాపమని, అదే గుసగుసలో, ముక్కు తుడుచుకో అన్నాను. బసవపున్నయ్య కత్తి ఎత్తి, అదే రాగంలో, సేనాని వైపు తిరిగి 'ముక్కు తుడుచుకో' అన్నాడు. సేనాని ఏంచేస్తాడు? తుడుచుకున్నాడు. జనం వన్స్ మోరన్నారు.

ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ సంపూర్ణమ్మ పక్కనే ఉండి, నవ్వే చోట నవ్వేది.

ఇప్పుడు ఆవిడ మాట్లాడుతోంది. ఇదే విడ్డూరం. పొద్దున్నే గిన్నెల దగ్గర మొదలుపెడితే దీపం పెట్టేదాకా. బజార్లో చింతపండు సంగతి, కింద వీధిలో ఉండే కాంపౌండరు ఇశ్రాయేలు భార్య నడుంనొప్పి సంగతి, చిన్నప్పుడు వాళ్ళ నాన్న పడవలో ఉయ్యూరు తీసుకెళ్ళిన సంగతి. అప్పుడు కాలవ నీళ్ళు తియ్యగా ఉండేవట. ఈవిడకి ఇన్ని మాటలున్నాయని నాకు తెలీదు. నా గొంతు ఖాళీ చేసిన గదిలో ఎవరో అద్దెకి దిగినట్టుంది.

విసుగ్గానే ఉంది. అయినా ఆపమని మూడు కొట్టలేదు.

మార్చి 18

తాళం పడ్డాక, కింద లారీ ఇంజను మోగుతుండగా, నాకు కూడా వినపడకుండా ఒక చిన్న రాగం తీసి చూద్దామనుకున్నాను. మాట కాదు కదా, రాగం. గాలి వచ్చింది. గాలే వచ్చింది.

మిరప ఘాటు. ఇవాళ నాలుగు లారీలు దిగాయి. ఈ ఘాటులో ఎవరి గొంతు పలుకుతుంది?

మార్చి 22, సోమవారం

ఎమర్జెన్సీ కదా, నాటకానికి పోలీసు ఆఫీసు అనుమతి కావాలి, రాతప్రతి ముందే ఇవ్వాలి. వెంకటకృష్ణారావు తెల్లకాయితం మీద 'మాటలు లేవు' అని రాసి ఇచ్చాడట. గుమాస్తా తిప్పి చూసి, మాటల్లేని దానికి పర్మిషనెందుకయ్యా అన్నాడు. కాసేపటికి అతనికే అనుమానమొచ్చి, లేని మాటలేమిటో మాకెలా తెలుస్తుందన్నాడు. చప్పుళ్ళ జాబితా రాసివ్వమన్నాడు. ఇతను పద్నాలుగు రాశాడు. ఒకటి కళ్ళాపి, రెండు చీపురు, మూడు గిలక, ఇలా. పదకొండు దగ్గర పేచీ వచ్చింది. పదకొండు, నిశ్శబ్దం.

"ఈ నిశ్శబ్దం ఎవరినుద్దేశించి?"

"ఎవర్నీ కాదండీ, ఊరికే."

"ఊరికే ఎందుకుంటారయ్యా అంతమంది?"

చివరికి ఎర్రసిరాతో 'రెండు నిమిషములకు మించరాదు' అని రాసి ముద్ర వేశాడు. కొలవడానికి గడియారంతో ఒక కానిస్టేబులు వస్తాడట. ఏప్రిల్ నాలుగు, ఆదివారం సాయంత్రం. ఆ రోజు గోడౌనుకి సెలవు. యజమాని రామకోటేశ్వరరావు, గోనెలు దులిపి వెయ్యండి అని ఒక్కమాట అని ఒప్పుకున్నాడు.

నిజానికి ఆ గుమాస్తా నా పక్షం. పదకొండో నంబరంటే నాకూ పడదు. ప్రాంప్టరుకి నిశ్శబ్దమంటే జబ్బు. స్టేజీ మీద మాట ఆగిందంటే ఎవడో మరిచిపోయాడని. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి, ఊపిరి తీసుకుని, అందించాలి. వద్దని మూడు కొట్టాను. వెంకటకృష్ణారావు వినలేదు. అప్పుడే జనానికి తమ చప్పుడు తమకి వినపడుతుందన్నాడు. వచ్చే ప్రతివాళ్ళూ ఇంట్లోంచి మోగే వస్తువొకటి తెచ్చుకోవాలట. తోస్తే మోగించొచ్చు, లేకపోతే లేదు.

తపస్సు కాలంలో నాటకమేమిటని సంపూర్ణమ్మ మొహం ముడిచింది. పాటల్లేవు, రంగుల్లేవు, ఆడవాళ్ళు ఎగరరు అని అతను చెప్పాక, అయితే అది నాటకమే కాదు, వేసుకోండి అంది.

మార్చి 25, గురువారం

ఇవాళ మంగళవార్త పండగ. దేవదూత వచ్చి మరియమ్మకి బిడ్డ పుడతాడని చెప్పిన రోజు. సంపూర్ణమ్మ పూజ నుంచి వచ్చి, చీర మార్చుకోకుండా, బీరకాయల సంచీ పక్కన పడేసి, నా మంచం పక్కన పీట వేసుకుంది.

"మీరు ఏలూరు క్యాంపులో ఉన్నప్పుడు" అని మొదలుపెట్టింది.

రాజుగారి ముక్కు కథ అనుకున్నాను. కాదు.

ఆ క్యాంపులో ఉండగానే ఇంటి నుంచి కార్డు వచ్చింది, పిల్ల పుట్టి పోయిందని. ప్రాణం లేకుండా పుట్టిందని నేననుకున్నాను. అలాగే అనుకుంటూ ముప్ఫై అయిదేళ్ళు గడిపాను. ఇంకో కాన్పు లేదు.

ఆవిడ బీరకాయల వైపు చూస్తూ చెప్పింది. పిల్ల ఏడ్చిందట. ఒక్కసారి, సన్నగా, తలుపు కిర్రుమన్నట్టు. మంత్రసాని తెరేసమ్మ చూసి, బిడ్డ నిలిచేట్టు లేదు, ఫాదరుగారు వచ్చేదాకా ఆగదని, తనే చెంబుతో నీళ్ళు తీసుకుని తలమీద పోసి జ్ఞానస్నానం ఇచ్చింది. పేరేం పెట్టనని అడిగింది. మా ఆయన తల్లి పేరు శౌరమ్మ, అదే పెట్టమన్నానంది సంపూర్ణమ్మ. పేరు పెట్టాక దీపం పెట్టే వేళదాకా ఉందట.

ఎందుకు చెప్పలేదని అడగాలి. నా దగ్గర మూడు రకాల దెబ్బలే ఉన్నాయి. ఎందుకు అనేదానికి దెబ్బ లేదు. గ్లాసు పట్టుకుని కూచున్నాను.

ఆవిడే చెప్పింది. "చెప్దామనే కూచునేదాన్నండీ. మీరు మాట్లాడుతుండేవారు. ఇంటికొచ్చిన మూడు రోజులూ ఆ రాజుగారి ముక్కు కథే చెప్పారు. నేను నవ్వాను కూడా."

ఒకటి కొట్టాను.

ఆవిడ బీరకాయలు తరగడానికి లేచింది.

మార్చి 26

శౌరమ్మ. మా అమ్మ విషయంలో ఈ పేరు కొన్ని వేలసార్లు పలికి ఉంటాను. పిల్ల విషయంలో ఒక్కసారీ పలకలేదు. ఏప్రిల్ పంతొమ్మిది దాటనీ, పలుకుతాను. అన్నిటికన్నా ముందు అదే. గొంతు బాగానే ఉంది. ఘాటు ఒక్కటే.

మార్చి 27

ఒకవేళ

మార్చి 28, ఆదివారం

నిన్నటిది పూర్తి చేయబుద్ధి కాలేదు.

తాళం వేయకుండా వెళ్ళమని సైగ చేశాను. తాళం గట్టిగా వేయమన్నానని అనుకుంది. వేసి, ఒకసారి లాగి చూసి మరీ వెళ్ళింది.

గదికి ఈ మూల నుంచి ఆ మూలకి తొమ్మిది అడుగులు.

ఏప్రిల్ 5, సోమవారం

నిన్న నాటకమైంది. వరసగా రాయాలి.

మైకుని దూలానికి వేలాడదీసి నా మొహమంత ఎత్తులో ఉంచారు. చుట్టూ నా సరంజామా. చీపురు, బకెట్టు, చేట, పొత్రం, కాలిన పెనం, రెండు లోటాలు, గిలక ఒకటి. నా ఇత్తడి గ్లాసు మాత్రం కనపళ్ళేదు. సంపూర్ణమ్మ కూడా జనంలో కూచుంటానని ముస్తాబై, అలవాటుగా తాళం వేసి దిగిపోయింది. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. సందులోంచి చూస్తే డెబ్బై మంది దాకా ఉన్నారు. చేతుల్లో పళ్ళేలూ, తాళాల గుత్తులూ, ఒకాయన దగ్గర సైకిలు బెల్లు. కానిస్టేబులు ముందు వరసలో గడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు.

కళ్ళాపి చల్లాను. చీపురు తీశాను. నవ్వులు వినపడ్డాయి. చీపురుకెందుకు నవ్వుతారో ఈ నలభై ఏళ్ళలో నాకు తెలీదు, ఎవరిల్లు వాళ్ళకి గుర్తొచ్చి ఉంటుంది. గిలక కిర్రుమన్నప్పుడు నవ్వు ఆగింది. కాఫీ ఎత్తు నుంచి వంచాను. వేడి పెనం మీద నీళ్ళు చిలకరించాను, అది పాలు పొంగడం. పాలు పొంగుతున్నాయి, దింపండమ్మా అని కింద నుంచి ఒకావిడ అనేసింది. బియ్యం కడిగాను, పొత్రం తిప్పాను, వాన కురిపించి ఆరేసిన బట్టలు లాగాను. పదో నంబరుదాకా నేను అరవయ్యారేళ్ళవాణ్ణని నాకు గుర్తు లేదు.

పదకొండు.

చేతులు దించి నిలబడ్డాను. కింద ఒక దగ్గు, ఒక గాజుల చప్పుడు, దూరంగా బ్రిడ్జి మీద రైలు. అదీ పోయింది. ఇక ఏమీ లేదు. ఇది నంబరు పదకొండు, రాసి, ముద్ర వేసిన నిశ్శబ్దం అని నాకు తెలుసు. అయినా నా ఒళ్ళు వినలేదు. ఎవరో మాట మరిచిపోయారు. ఒకటి. రెండు. మూడు. ఊపిరి తీసుకున్నాను, మైకు ముందర, ఎప్పట్లా. నాలిక మీదున్నది నాటకంలో మాట కాదు. ఆ పేరు.

గాలి వచ్చింది.

ఆదివారం. గోడౌను మూసి ఉంది. శనివారం పొద్దుగూకిన దగ్గర్నించి ఒక్క బస్తా కదల్లేదు. గదిలో మిరప వాసన కూడా లేదు.

నా ఊపిరి లౌడ్‌స్పీకర్లో ఆవరణంతా వినపడింది. అందరూ పైకి చూశారట. ఆ తరవాత ఏమీ రాలేదు. ఎంతసేపో తెలీదు.

కింద నుంచి గ్లాసు మీద రెండు దెబ్బలు.

నా గ్లాసే. దానికొక పక్క సొట్ట, బొంగురుగా మోగుతుంది. రెండు. రమ్మని. తలుపు దాకా వెళ్ళాను. తాళం. తిరిగొచ్చి చెంచాతో కిటికీ ఊచ మీద ఒకటి కొట్టాను. మళ్ళీ కింద నుంచి రెండు. నేనొకటి. అప్పుడెవరో పళ్ళెం మీద రెండు కొట్టారు. తాళాల గుత్తి. సైకిలు బెల్లు. కాసేపటికి ఆవరణంతా రెండేసి కొడుతోంది, నేను ఒక్కొక్కటే జవాబు చెబుతున్నాను. కానిస్టేబులు కూడా లాఠీతో నేలమీద రెండు కొట్టాడని తరవాత విన్నాను. నిశ్శబ్దం ఒక నిమిషం యాభై సెకన్లని రాసుకుపోయాడు. మించలేదు.

పన్నెండు నుంచి పద్నాలుగు దాకా చేయనే లేదు. మెట్ల మీద అడుగులు, తాళంలో చెవి తిరిగిన చప్పుడు. సంపూర్ణమ్మ లోపలికొచ్చి, మైకుని చేత్తో పక్కకి నెట్టింది.

"ఊపిరి వినపడింది. మాట రాలేదు" అంది.

ఆవిడ చేతిలో గ్లాసు తీసుకుని ఒకటి కొట్టాను.

"ఆ కాయితం సంగతి నాకు తెలుసండీ. గుంటూరు నుంచి వచ్చిన మర్నాడే కాంపౌండరు ఇశ్రాయేలు చేత చదివించాను."

నేను మాట్లాడలేదు. మాట్లాడలేదని రాయడం ఏమిటి, అలవాటు.

"ఆ పేరేనా?" అంది.

ఒకటి కొట్టాను.

ఆవిడ కొంగుతో నా మొహం తుడిచి, "ఇక నేను చెప్తాలెండి" అంది.

అప్పుడు వెంకటకృష్ణారావు మెట్లెక్కి వచ్చాడు, మొహం వెలిగిపోతూ. ఆ ఊపిరి ఎలా తోచింది మీకు, అది నేననుకున్న దాంట్లో లేదే, మళ్ళీ ప్రదర్శనలో ఉంచుదామన్నాడు. మూడు కొట్టాను. ఎందుకండీ అన్నాడు. దానికి దెబ్బ లేదు.

ఏప్రిల్ 8

తాళం వేయడం మానేసింది. తలుపు బార్లా తీసే ఉంది. నేను దిగలేదు.

ఏప్రిల్ 15, గురువారం

ఈ సాయంత్రం పూజలో గుడి గంట మోగి ఆగింది. రేపు గుడ్ ఫ్రైడే, ఇక శనివారందాకా మోగదు, బదులు కొయ్య గంట కొడతారు. చెక్క పలకకి చిన్న సుత్తి బిగించి, ఊపితే టకటకలాడుతుంది. చిన్నప్పుడు మా ఊళ్ళో అది పట్టుకుని వీధులు తిరిగి జనాన్ని గుడికి పిలిచింది నేనే. చప్పుళ్ళ పిచ్చి అక్కడే పట్టింది. ఇంకా రాద్దును గానీ సంపూర్ణమ్మ సంచీ సర్దుతోంది. దుప్పటి ఒకటా రెండా అని అడుగుతోంది. రెండు కొడితే రా అని కదా, అందుకని వేళ్ళు చూపించాను.

భయంగా ఉంది.

ఏప్రిల్ 18

పండగ. ఈస్టరు కదా, రాత్రి నుంచి గంటలు. సంపూర్ణమ్మ సేమ్యా చేసింది, మింగడం కష్టమైంది.

ఏప్రిల్ 19, సోమవారం. గుంటూరు

ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూచుని రాస్తున్నాను. డాక్టరు అద్దం పెట్టి చూశాడు. పరీక్ష కాయితం చూశాడు. అదే అన్నాడు. బుధవారం కోస్తారు. ఈసారి సంపూర్ణమ్మ లోపలే నిలబడింది.

చేర్చుకునే చోట పాత గుమాస్తానే. పేరడిగాడు, ఆవిడ చెప్పింది. ఊరు, వయసు, మతం, అన్నీ ఆవిడే చెప్పింది. పిల్లలెంతమంది అన్నాడు. లేరని ఊపడానికి నా చెయ్యి అలవాటుగా లేచింది.

"ఒక్కతే. శౌరమ్మ" అంది సంపూర్ణమ్మ.

పేరక్కర్లేదమ్మా అన్నాడు. ఒకటి అని రాసుకుని, తరవాతి వాళ్ళని పిలిచాడు.